బ్రోకరు సంగతి తర్వాత, అగ్రిమెంటు వెనక ఏం రాశారో చూడండి

ప్రశ్న: గుంటూరులో నాన్నగారు కట్టిన ఇల్లు అమ్మిపెట్టమని ఒక బ్రోకరుకి చెప్పాం. అతను తెచ్చిన పార్టీతో 2023 ఆగస్టు 10న 65 లక్షలకు అగ్రిమెంటు రాసుకుని 5 లక్షలు బయానా తీసుకున్నాం. గడువు మూడు నెలలు. మిగతా డబ్బు రాలేదు. ‘వచ్చే వారం’ అంటూ బ్రోకరు తిప్పుతూనే ఉన్నాడు, మధ్యలో ఒకసారి అగ్రిమెంటు వెనక ఏదో రాసి మా సంతకం తీసుకున్నాడు. ఈ టెన్షన్‌తో అమ్మ మంచం పట్టింది. ఇప్పుడు మా బంధువుల ద్వారా వచ్చినవాళ్లు 80 లక్షలు ఇస్తామంటుంటే, తన రెండు శాతం ఇవ్వందే అమ్మనివ్వనంటున్నాడు. పాత అగ్రిమెంటు రిజిస్టర్ కాలేదు కదా, కొత్తవాళ్లకి రిజిస్ట్రేషన్ చేసేయవచ్చా?

జవాబు: చేయొద్దు.

మీ ఉత్తరం నిండా బ్రోకరే ఉన్నాడు కానీ కేసును తేల్చేది మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ వెనక సంతకం. ‘ఏదో రాసి’ అంటే ఏమిటండీ? లక్షల ఆస్తి కాగితం మీద చదవకుండా సంతకం పెట్టి, జిరాక్స్ కూడా ఉంచుకోకపోవడం పెద్ద నిర్లక్ష్యం.

గడువు తేదీ రాసుకున్న అగ్రిమెంటు మీద, ఆ తేదీ నుంచి మూడేళ్లలోపు రిజిస్ట్రేషన్ కోసం దావా వేయవచ్చని లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 54 చెబుతోంది. మొదటి గడువే లెక్కయితే 2026 నవంబరు 10 దాకా కొనేవాడికి వీలుంది. వెనక గడువు పొడిగించినట్టు రాసి ఉంటే ఆ మూడేళ్లు కొత్త తేదీ నుంచి మొదలవుతాయి. గడువు దాటినంత మాత్రాన స్థిరాస్తి ఒప్పందం దానంతటదే రద్దయిపోయిందని కోర్టులు సాధారణంగా అనవు. అయితే మిగతా సొమ్ముతో తాను మొదటినుంచీ సిద్ధంగా ఉన్నానని కొనేవాడే నిరూపించుకోవాలి, మీ బలమంతా అక్కడే ఉంది. ‘డబ్బు సర్దుబాటు కాలేదు’ లాంటి వాట్సాప్ మెసేజీలుంటే చెరపకండి, ఆ ఫోను మార్చకండి, వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి.

రిజిస్టర్ కాని అగ్రిమెంటును కూడా ఇలాంటి దావాలో సాక్ష్యంగా చూడవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 49లోనే ఉంది. పాత ఒప్పందం సంగతి తెలిసి కొన్నవాళ్ల మీద కూడా డిక్రీ, అంటే కోర్టు తీర్పు, వస్తుంది. దాచిపెట్టి అమ్మితే వాళ్లే మీ మీద చీటింగ్ కేసు పెడతారు, అప్పుడు మీ అమ్మగారి పరిస్థితి ఆలోచించండి.

కమిషన్‌కి భయపడకండి. వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యాకే ఏజెంటుకి ప్రతిఫలమని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 219 అంటోంది, ఆ అమ్మకం పూర్తే కాలేదు, కొత్త పార్టీని అతను తేలేదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) చుట్టూ మాత్రం తిరగకండి, ఏజెంట్ల మీద దాని అజమాయిషీ ప్రాజెక్టుల అమ్మకాల వరకే, మీ పాత ఇంటికి వర్తించదు.

ముందు ఆ వెనక పేజీ కాపీ సంపాదించండి. దాన్ని బట్టి లాయరుతో కొనేవాడికి స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి, మీరే రాస్తే ‘ఇంకొంత టైము ఇస్తున్నాం’ అని తెలియకుండా మళ్లీ గడువు పెంచేస్తారు. అతను ఒప్పుకుంటే రద్దు పత్రం రాయించుకుని, ఒరిజినల్ అగ్రిమెంటు వెనక్కి తీసుకోండి. ఒప్పుకోకపోతే పాత ఒప్పందం ఇక చెల్లదని ప్రకటించమంటూ సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేయాల్సి రావచ్చు. బయానా తిరిగిచ్చేటప్పుడు కొనేవాడి బ్యాంకు ఖాతాలోనే వేయండి, బ్రోకరు చేతికి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.