పాఠకుల ప్రశ్నలు: పట్టాభిషేకం నాటి గురువారం

ప్రశ్న: రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం 1022 ఆగస్టు 16న జరిగిందని పుస్తకాలలో చదివాను. వెయ్యేళ్ల నాటి సంఘటనకు నెల, తేదీ సహా ఇంత నిక్కచ్చిగా ఎలా చెప్పగలుగుతున్నారు? ఇది లెక్కా, ఊహా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: లెక్కేనండి. పైగా ఆ లెక్కకు కావలసిన ఆధారాలన్నీ ఆ రాజు ఆస్థానం వారే మనకు వదిలి వెళ్లారు. కోరుమిల్లి తామ్రశాసనంలో పట్టాభిషేక సమయాన్ని చెప్పే సంస్కృత శ్లోకం ఒకటి ఉంది. అందులో శకవత్సరాన్ని అంకెలతో కాక ‘వేదాంబురాశినిధి’ అన్న మాటలతో సూచించారు. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, నిధులు తొమ్మిది; ఇలాంటి సంకేతాలలో ఒకట్ల స్థానం ముందు వస్తుంది కనుక 944 అని చదవాలి. కవి అక్కడితో ఆగి ఉంటే మనం 78 కలుపుకుని, 1022 ప్రాంతమని చెప్పి ఊరుకోవలసి వచ్చేది. కాని ఆయన సూర్యుడు సింహరాశిలో ఉన్నాడనీ, ఆనాడు కృష్ణపక్ష విదియ, ఉత్తరాభాద్ర నక్షత్రం, గురువారం అనీ, అభిషేకం తులా లగ్నంలో జరిగిందనీ ఒక్క శ్లోకంలోనే పొందుపరిచాడు.

వీటిలో సూర్యుడున్న రాశి, తిథి, నక్షత్రం ఒకదానితో ఒకటి ముడిపడినవి. మొదటి రెండూ తెలిస్తే మూడోది దాదాపు తెలిసిపోతుంది. వారం అలాంటిది కాదు. ఏడు రోజుల వరుసకు సూర్యచంద్రుల నడకతో ఏ సంబంధమూ లేదు, అది ఎక్కడా తెగకుండా ఈనాటి దాకా సాగుతూ వచ్చింది. అందుకే శాసనంలో వారం కనిపించినప్పుడల్లా నాకు ప్రాణం లేచివస్తుంది.

ఇక్కడ తేలవలసిన చిక్కు ఒకటుంది. 944 అన్నది గడిచిపోయిన సంవత్సరాల లెక్కా, నడుస్తున్న సంవత్సరమా? శాసనాలలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. మొదటిదైతే 1022, రెండోదైతే 1021 అవుతుంది. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు, అంటే 50 వారాల మీద 4 రోజులు. కనుక 1022లో గురువారం నాడు పడిన విదియ నుంచి పన్నెండు చాంద్రమాసాలు వెనక్కి వెళితే ఆదివారం దగ్గర తేలుతాము. మరో నెల వెనక్కి జరిపి చూస్తే శుక్రవారం దగ్గర ఆగుతాము, నక్షత్రమూ తప్పిపోతుంది. శ్లోకంలో చెప్పినవన్నీ ఒకచోట కలిసేది 1022 ఆగస్టు 16 నాడే. సూర్యుడు సింహంలో ఉండగా తులా లగ్నం సూర్యోదయమైన కొన్ని గంటలకు వస్తుంది కనుక, అభిషేకం ఉదయం పూట జరిగిందని కూడా చెప్పవచ్చు.

ఇలాంటి లెక్కకు రాబర్ట్ సూయెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్ కలిసి 1896లో ప్రచురించిన పట్టికలూ, తరువాత ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై 700 నుంచి 1799 వరకు రోజు రోజుకూ గుణించి అచ్చు వేయించిన ‘ఇండియన్ ఎఫిమెరిస్’ సంపుటాలూ పునాది వేశాయి. కంప్యూటరు లేని కాలంలో ఆ పని చేసినవారికి మనం ఎంతో రుణపడి ఉన్నాము. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: ఈ తేదీ పాత జూలియన్ క్యాలెండరు ప్రకారం చెప్పినది. నేటి గ్రెగోరియన్ పద్ధతిని వెనక్కి నడిపించే సాఫ్ట్‌వేరులో అదే రోజు ఆగస్టు 22గా కనిపిస్తుంది. రెండిట్లోనూ గురువారం గురువారమే.

ప్రశ్న: దానశాసనాలలో గ్రహణం ప్రస్తావన ఉంటే ఇక తేదీకి తిరుగులేదని అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అనుకోకూడదు. భూమి మీద ఎక్కడో ఒకచోట ఏటా కనీసం రెండు సూర్యగ్రహణాలు తప్పవు కనుక, గ్రహణం ఒక్కటే చెబితే అది ఎన్నో సంవత్సరాలకు సరిపోతుంది. తోడుగా మరొక ఆధారం కావాలి. నన్నయభట్టు రచించిన నందంపూడి శాసనమే చూడండి. నారాయణభట్టుకు అగ్రహారమిచ్చిన ఆ దానం రాజరాజు పాలనలో 32వ సంవత్సరం నాటిది, చంద్రగ్రహణ వేళ చేసినది. పైన చెప్పిన పట్టాభిషేకం నుంచి లెక్కిస్తే 32వ సంవత్సరం 1053 ఆగస్టులో మొదలవుతుంది. 1053 నవంబరు 28 నాటి చంద్రగ్రహణం అందులోనే పడుతుంది. ఇలా ఒక శాసనం మరొక శాసనానికి ఊతమిస్తే ధైర్యంగా మాట్లాడవచ్చు.

మన నేల మీద కనిపించని గ్రహణాలను కూడా పేర్కొన్న శాసనాలున్నాయి. అక్కడ దాత చూసి ఇచ్చినది కాదు, పంచాంగకర్త గుణించి చెప్పగా ఇచ్చినది అనుకోవడం సబబు. పుణ్యకాలంగా గ్రహణానికి ఉన్న గౌరవం వల్ల, నకిలీ శాసనాలు పుట్టించినవారు కూడా దాన్ని వాడుకోగలరు. లెక్క కుదిరినంత మాత్రాన దానం నిజమని తేలదు.

కథనాల విషయంలో మరీ జాగ్రత్త పడాలి. నార్వే రాజు ఓలావ్ మరణించిన స్టిక్లెస్టాడ్ యుద్ధం మధ్యలో సూర్యుడు నల్లబడ్డాడని అక్కడి పాత గాథలు చెబుతాయి. యుద్ధానికి సంప్రదాయంగా చెప్పే తేదీ 1030 జూలై 29. ఆ ఏడు అక్కడ సూర్యగ్రహణం పట్టిన మాట నిజమే కాని అది ఆగస్టు 31న, అంటే నెల రోజులు దాటిన తరువాత. తేదీనే మార్చాలన్న వారూ ఉన్నారు. జనం మనసులో రాజు మరణమూ ఆ చీకటీ కలిసిపోయాయనే నాకు తోస్తుంది.

ప్రశ్న: మా ఊరి శివాలయంలో అరిగిపోయిన తెలుగు శాసనం ఉంది. ‘సూర్యగ్రహణ’ అన్న మాట వరకు చదవగలిగాము. ఇంకేమి చూడాలి?
– ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ముందుగా రాతికి సున్నం, రంగు, నూనె తగలకుండా కాపాడండి. తరువాత ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడే వేళ ఫొటోలు తీయండి; నడినెత్తి ఎండలో కనిపించని గీతలు అప్పుడు నీడతో పైకి తేలుతాయి. శకవర్షం, సంవత్సరం పేరు, మాసం తరువాత పక్షానికి ‘శు’ లేదా ‘బ’ అనీ, ఆపైన తిథి అంకె, వెంటనే వారానికి గురుతుగా ఒక్క అక్షరం ఉండవచ్చు. గ్రహణం సూర్యుడిదైతే తిథి అమావాస్యే కావాలి కనుక ఆ అంకె చెరిగిపోయినా మనకు నష్టం లేదు. వారాన్ని తెలిపే ఆ ఒక్క అక్షరం ‘ఆ’ అయినా ‘గు’ అయినా, సగమే మిగిలినా సరే, ఉన్నది ఉన్నట్టు గీసి పంపండి.