వెల్ట్ అంటే బూటు కుట్టా, ఒంటిమీద తేలే వాతా?

చర్మం మీద తేలే గుర్తుకూ, బూటు అడుగున కనిపించే కుట్టుకూ ఇంగ్లీషులో వెల్ట్ అనే ఒకే మాట ఎందుకు ఉందని మీరు అడిగారు. తమిళనాడులోని రాణిపేట దగ్గర ఒక బూట్ల కర్మాగారంలో తనిఖీ విభాగంలో కొన్నేళ్లు పనిచేసినవాణ్ణి కనుక బూటు నుంచే మొదలుపెడతాను. పైగా ఆ మాట ముందుగా కనిపించేది కూడా చెప్పులు కుట్టేవారి మాటగానే, 15వ శతాబ్దపు ఇంగ్లీషులో.

నిజానికి వెల్ట్ కుట్టు కాదు. బూటు పైభాగానికీ అడుగు సోలుకీ మధ్య చుట్టూ తిరిగే సన్నని తోలు పట్టీ అది. పాదం ఆకారపు అచ్చు మీదికి లాగి బిగించిన పైతోలునూ, లోపలి అస్తరునూ, ఇన్‌సోల్ (పాదం ఆనే లోపలి సోలు) కింద నిలిపిన గట్టునూ ఈ పట్టీతో కలిపి అడ్డంగా ఒక కుట్టు వేస్తారు. ఆ తరువాత బయటికి పొడుచుకొచ్చిన పట్టీ అంచుకు అడుగు సోలును నిలువుగా మరో కుట్టుతో పట్టిస్తారు. మనకు పైనుంచి కనిపించేది ఈ రెండో కుట్టే కాబట్టి చాలామంది దాన్నే వెల్ట్ అనుకుంటారు. రెండు కుట్లూ విడివిడిగా ఉండడం వల్ల సోలు అరిగినప్పుడు రెండోదాన్ని మాత్రమే కోసి, పైతోలును ముట్టుకోకుండా కొత్త సోలు వేయవచ్చు. చేతితో చేసే ఈ పనిని యంత్రానికి ఎక్కించే పద్ధతికి 1870ల ప్రాంతంలో పేటెంట్లు పొందినవాడు చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్. రబ్బరును గంధకంతో గట్టిపరిచే పద్ధతిని కనిపెట్టిన గుడ్‌ఇయర్ కుమారుడు. 1898లో మొదలైన టైర్ల కంపెనీ ఆ తండ్రి పేరు పెట్టుకున్నదే తప్ప ఆ కుటుంబం స్థాపించింది కాదు.

బజారులో దొరికే చవక బూట్లలో సోలును జిగురుతో అంటించి, చుట్టూ అలంకారానికి కుట్లున్న పట్టీ ఒకటి తగిలిస్తారు. చూడటానికి తేడా తెలియదు. మా తనిఖీ బల్ల దగ్గర అనుమానం వచ్చిన జతను అడ్డంగా కోయించి చూసేవాళ్లం, కానీ కొనేవారికి ఆ అవకాశం ఉండదు కాబట్టి సోలు మార్చడానికి వీలవుతుందా అని అమ్మేవారిని సూటిగా అడగడమే మేలు.

ఒంటిమీది గుర్తు అనే అర్థం చాలా ఆలస్యంగా, 1800 ప్రాంతంలో రాతల్లోకి వచ్చింది. బెత్తమో కొరడానో తగిలిన చోట చర్మం పట్టీలాగా పొడవుగా ఉబ్బి లేస్తుంది కదా, రెంటికీ ఉన్న పోలిక ఆ లేచిన అంచే. దెబ్బకు రక్తనాళాల నుంచి ద్రవం చర్మంలోకి ఊరడం వల్ల ఆ ఉబ్బు వస్తుంది. అలర్జీలో ఇదే పని ఒంట్లోనే విడుదలయ్యే హిస్టమిన్ అనే రసాయనం చేస్తుంది. నాకు ముంజేతి మీద సూదితో గుచ్చి అలర్జీ పరీక్ష చేసినప్పుడు పావుగంటలో లేచిన ఉబ్బులను వైద్యురాలు స్కేలుతో కొలిచారు. ఏ పదార్థమూ లేని చుక్క దగ్గరి ఉబ్బు కంటే 3 మిల్లీమీటర్లు పెద్దదైతే ఆ పదార్థం పడదన్న అనుమానం బలపడుతుందట. అటువంటి ఉబ్బును వైద్యులు వీల్ అంటారు, వెల్ట్ అన్నది జనం మాట.

తెలుగులో రాసేటప్పుడు దెబ్బ వల్ల వచ్చినదైతే వాత అనీ, పడని తిండి వల్లనో పురుగు కుట్టడం వల్లనో వచ్చినదైతే దద్దు అనీ రాయండి. దద్దుర్లు లేచిన పిల్లవాడి గురించి వాతలు తేలాయని రాస్తే, ఎవరో కొట్టారనే అర్థం వస్తుంది. బూటు విషయంలో మాత్రం కర్మాగారంలో తమిళులూ తెలుగువాళ్లూ అందరం వెల్ట్ అనే అనేవాళ్లం, దాన్ని అలాగే ఉంచండి. జర్మన్ పత్రికల పేర్లలో కనిపించే వెల్ట్‌తో దీనికి సంబంధం లేదు, అక్కడ దాని అర్థం ప్రపంచం.