బ్లూ టాంగ్ కన్ను ఉబ్బితే: మేనకోడలికి మామయ్య ఉత్తరం

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియో ఆపి ఆపి చూశాను. నీ ఉప్పునీళ్ల ట్యాంకులోని బ్లూ టాంగ్ చేపకి ఎడమ కన్ను ఉబ్బింది, పైన తెల్లగా మసక కమ్మింది. కుడి కన్ను శుభ్రంగా ఉంది. నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) పెడితే వచ్చి తింటోంది, ఊపిరి మామూలుగానే తీస్తోంది. ఇవన్నీ కలిపి చూస్తే నాకంత కంగారు పడాల్సింది కనిపించలేదు. నువ్వేమో షాపతను చెప్పాడని అప్పుడే యాంటీబయాటిక్ కొని పెట్టుకున్నావు. దాని మూత మాత్రం ఇప్పుడే తీయకు.

కంటి జబ్బు అనగానే ముందు చూడాల్సింది ఒక కన్నా, రెండు కళ్లా అని. ఒక్క కన్నే ఉబ్బిందంటే చాలాసార్లు అది దెబ్బే. చేపకు కనురెప్పలు లేవు కదా, రాయి గీసుకున్నా, వల తగిలినా, ఇంకో చేప పొడిచినా దెబ్బ నేరుగా కంటికే. అందులోనూ బ్లూ టాంగ్‌కి బెదిరితే చాలు, రాళ్ల సందులో దూరి ఇరుక్కునే అలవాటు. మీ ఇంట్లో రాత్రిపూట ఒక్కసారిగా లైటు వేసినప్పుడు అది ఎటు దూరుతుందో గమనించు. సగం కారణం అక్కడే దొరకొచ్చు.

రెండు కళ్లూ ఒకేసారి ఉబ్బితే లెక్క మారుతుంది. అప్పుడు నీళ్లు పాడైనట్టో, లోపల బ్యాక్టీరియా పట్టినట్టో అనుమానించాలి. ఒకేసారి రెండు మూడు చేపలకు వస్తే పంపు కూడా చూడాలి. పంపు నీళ్లు లాగే వైపు పైపు జాయింటులో సన్నని చిల్లు ఉంటే గాలి లోపలికి పోయి, ఒత్తిడికి నీళ్లలో కరిగి, చేప ఒంట్లో బుడగలుగా బయటపడుతుంది. చీకట్లో టార్చి వేసి చూస్తే కంటిలో బుడగ కనిపిస్తుంది. దాన్ని సూదితో గుచ్చే వీడియోలు ఉన్నాయి. అటువైపు పోకు.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఈరోజే టెస్ట్ చెయ్యి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య, వేడి 25, 26 డిగ్రీలు, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 దగ్గర. ఏది తేడాగా ఉన్నా ముందు దాన్ని సరిచెయ్యి. అన్నీ బాగున్నా సరే, నాలుగో వంతు నీళ్లు మార్చు, రెండు మూడు రోజులాగి మళ్లీ మార్చు. గాయం మానడానికి శుభ్రమైన నీళ్లను మించిన మందు నేను చూడలేదు. వైజాగ్‌లో నేను సముద్రం నీళ్లే తెచ్చి వాడేవాణ్ణి, నీకు హైదరాబాద్‌లో ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు కలపడం తప్పదు. కలిపిన వెంటనే పోయకు. చిన్న పంపు పెట్టి ఒక రోజంతా తిరగనివ్వు. కరగని ఉప్పు అసలే దెబ్బ తిన్న కంటికి పడితే మంట.

హాస్పిటల్ ట్యాంకులోకి, అంటే జబ్బు చేపను విడిగా ఉంచే చిన్న ట్యాంకులోకి, మార్చనా అని అడిగావు. నా మాట: ఇప్పుడే వద్దు. తింటోంది, మిగతా చేపలేవీ తరమడం లేదు. దాన్ని పట్టాలంటే రాళ్లన్నీ కదపాలి, తరమాలి. ఆ తరుములాటలో బాగున్న కన్నుకు కూడా దెబ్బ తగులుతుంది. మూడు నాలుగు రోజులు చూడు. ఉబ్బు పెరుగుతున్నా, తిండి మానేసినా, రెండో కన్ను మసకబారినా అప్పుడు మార్చు. ఆ రోజు వలతో పట్టకు. టాంగ్ తోక మొదట్లో రెండు వైపులా కత్తిలాంటి ముల్లు ఉంటుంది, అది వలలో చిక్కుకుంటే చేపా చీరుకుంటుంది, నీ వేలూ తెగుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో నోరి క్లిప్పు పెట్టి ట్యాంకులో దించు, అదే వస్తుంది. ఓపిక కావాలి, అంతే.

ఈలోగా హాస్పిటల్ ట్యాంకు సిద్ధంగా పెట్టుకో. యాభై అరవై లీటర్లు చాలు. అడుగున ఇసుక వద్దు, రాళ్లు వద్దు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు రెండు మూడు, హీటరు, స్పాంజి ఫిల్టరు. స్పాంజిని ఇవాళే మెయిన్ ట్యాంకు సంప్‌లో (కింద ఫిల్టరు ఉండే తొట్టెలో) పడెయ్యి, మంచి బ్యాక్టీరియా దానికి పడుతుంది. అయినా చిన్న ట్యాంకులో అమ్మోనియా త్వరగా పెరుగుతుంది, రోజూ టెస్ట్ చెయ్యాల్సిందే. అమ్మోనియాతో చచ్చిన చేపను చూసి మందు పనిచేయలేదని చెప్పేవాళ్లు చాలామంది.

ఉబ్బు తగ్గడానికి ఆ ట్యాంకులో ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేయొచ్చు. ఇరవై లీటర్లకు ఒక టేబుల్ స్పూను, వేరే కప్పులో కరిగించి కొద్దికొద్దిగా పొయ్యి. అది బ్యాక్టీరియాను చంపదు, కంటి వెనక చేరిన నీరు లాగుతుందని వాడతారు. సెంటు, రంగు కలిపిన బాత్ సాల్ట్ కాకుండా మెడికల్ షాపులో దొరికేది తీసుకో.

చేప కంటిని పదేపదే రాళ్లకేసి రుద్దుకుంటోందా? అలా అయితే ఫ్లూక్స్ అనే పురుగులు ఉండొచ్చు. ఒంటి మీద పారదర్శకంగా ఉంటాయి, మామూలుగా కనపడవు. చేపను ఉప్పు లేని మంచినీళ్లలో ముంచితే తెల్లబడి నువ్వు గింజల్లా అడుగున రాలతాయి. అందుకు నల్ల బకెట్ తీసుకో. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అవి వద్దు. ఆర్‌ఓ నీళ్లలో వంటసోడా చిటికెడు చిటికెడు కలుపుతూ పీహెచ్ 8.2కి తీసుకురా, వేడి ట్యాంకుతో సమానం చెయ్యి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెట్టు. అయిదు నిమిషాలు మించకూడదు. బ్లూ టాంగ్ పక్కకు ఒరిగి చచ్చినట్టు నటిస్తుంది, దాని బుద్ధే అంత, భయపడకు. మొప్పల కదలిక తడబడితే మాత్రం వెంటనే తీసెయ్యి. పురుగులు రాలితే ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు కావాలి. అది గుడ్లను చంపదు కాబట్టి వారం తర్వాత రెండో మోతాదు తప్పదు. రుద్దుకోవడం లేకపోతే ఈ మంచినీళ్ల స్నానం జోలికే వెళ్లకు, గాయమైన కంటికి అది ఇంకో దెబ్బ.

యాంటీబయాటిక్ ఎప్పుడంటావా? రెండు కళ్లూ ఉబ్బి, తిండి మానేసి, ఒంటి మీద ఎర్ర మచ్చలు కనిపిస్తే. ఉప్పునీటి చేపల్లో ఇలాంటి జబ్బు తెచ్చేవాటిలో విబ్రియో అనే బ్యాక్టీరియా ముఖ్యమైనది. దీనికి కనామైసిన్, నైట్రోఫ్యూరజోన్ అనే మందులు కలిపి వాడే అలవాటు ఉంది. ఈ రెండోది నైట్రోఫ్యూరాన్ జాతి మందు. మన భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల రైతులకు నైట్రోఫ్యూరాన్ పేరు వింటేనే గుండె ఝల్లుమంటుంది. తినే చేపల్లో, రొయ్యల్లో అది నిషేధం. నీది అలంకారానికి పెంచే చేపే అయినా పశువైద్యుణ్ణి అడగకుండా వాడకు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే కదా, వెళ్లి అడుగు. మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ కొని విప్పి పోసేవాళ్లూ ఉన్నారు. సముద్రపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసుకుంటాయి, చేపకు అందేది కొంచెమే. ఏ యాంటీబయాటిక్ అయినా మెయిన్ ట్యాంకులో పోయకు, ఫిల్టర్ బ్యాక్టీరియా దెబ్బతింటుంది. మందు వేసినన్ని రోజులూ ఫిల్టరులో బొగ్గు (కార్బన్), నురగతో మురికి లాగే స్కిమ్మర్, యూవీ లైటు ఆపి ఉంచు. నీళ్లు మార్చినప్పుడు ఆ మార్చినంత నీటికే మళ్లీ మందు కలుపు.

ఇంకోటి. చేతి మీద గీత ఉంటే గ్లౌజు లేకుండా ట్యాంకులో చెయ్యి పెట్టకు. మైకోబ్యాక్టీరియం మారినం అని ఒకటుంది, చేపల నుంచి మనిషి చర్మానికి ఎక్కి నెలల తరబడి మానని పుండు చేస్తుంది. బాబుగాణ్ణి కూడా ట్యాంకు దగ్గర చేతులు తడపనివ్వకు.

తిండి తగ్గించకు. నోరిని చేపల విటమిన్ చుక్కల్లో నానబెట్టి రోజూ పెట్టు, మధ్యమధ్య మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి మేత) వెయ్యి. లైటు కాస్త తగ్గించు. మసక ముందు విడుతుంది, ఉబ్బు దిగడానికి వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెల దాటుతుంది. ఒకవేళ ఆ కన్ను పోయినా చేప బతుకుతుంది. తిండి మాత్రం చూపున్న వైపు, కుడి వైపు అందేలా పెట్టాలి.

రోజూ ఒకే సమయంలో, పై నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి ఫోటో తీసి పంపు. పై నుంచి చూస్తేనే రెండు కళ్ల మధ్య తేడా సరిగ్గా తెలుస్తుంది. అమ్మోనియా రీడింగ్ కూడా కింద రాయి.

మీ మామయ్య