డిక్రీ వచ్చింది, పొలం రాలేదు: మీ ప్రశ్నలకు లాయర్ జవాబులు

ప్రశ్న: లాయర్ గారికి నమస్తే. మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. అమ్మానాన్న పోయాక మూడెకరాల మాగాణి, ఇల్లు అన్నయ్యే అనుభవిస్తున్నాడు, నా వాటా అడిగితే నీ పెళ్లికి పెట్టాంగా అంటాడు. పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా వేశాను, 2019లో సగం వాటా నాదేనని ప్రిలిమినరీ డిక్రీ ఇచ్చారు. అన్నయ్య అప్పీలుకెళ్లాడు, స్టే రాలేదు. అప్పీలు తేలేదాకా ఏం చెయ్యలేం అంటున్నారు మా వకీలు. ఈలోపు ఒకెకరం బేరం పెట్టాడంట. 12 ఏళ్లు దాటితే డిక్రీ చెల్లదంట కదా?

జవాబు: అమ్మా, ముందు ఆ 12 ఏళ్ల భయం వదిలెయ్యండి. ఆ గడువు ఈపీకి, అంటే డిక్రీని అమలు చెయ్యమని వేసే పిటిషన్‌కి, అది కూడా ఫైనల్ డిక్రీ (ఏ ముక్క ఎవరిదో తేల్చే తుది తీర్పు) తేదీ నుంచే లెక్క. ప్రిలిమినరీ డిక్రీ ఎవరికెంత వాటానో చెప్తుంది అంతే, దాంతో పొలంలోకి దిగలేరు. ఫైనల్ డిక్రీకి పిటిషన్ వెయ్యడానికి కాలపరిమితి లేదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది, 2022లో ఇంకో అడుగు ముందుకేసి, ప్రిలిమినరీ డిక్రీ ఇచ్చాక ఎవరో పిటిషన్ వేసేదాకా ఆగకుండా కోర్టులే కేసు ముందుకు నడపాలంది. అయినా మీరు ఎదురుచూడొద్దు, ఈ నెల్లోనే ఫైనల్ డిక్రీ కోసం ఐఏ (అదే కేసులో వేసే పిటిషన్) వేయించండి.

అప్పీలు వేసినంత మాత్రాన స్టే ఉన్నట్టు కాదు, సీపీసీలో (సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) ఆర్డర్ 41 రూల్ 5 సూటిగా ఆ మాటే చెప్తుంది, మీ వకీలు గారికి గుర్తు చెయ్యండి. ఇన్నేళ్లు ఊరికే పోవడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంది, గెలిచిన ఆడపిల్లల ఫైళ్లు ఇలా మూలన పడుంటే లాభం ఎవరికమ్మా, పంట కోసుకునేవాళ్లకే కదా. అందుకే ఆ పిటిషన్‌తో పాటు ఇన్నాళ్ల పంట ఆదాయంలో మీ భాగం కూడా అడగండి, చాలామంది ఇది మర్చిపోతారు.

కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ని వేస్తుంది, ఆయన సర్వేయర్‌తో వచ్చి కొలిచి భాగాలు పెడతారు. ఆ రోజు మీరు తప్పకుండా పొలం దగ్గర ఉండాలి, కాలవ వైపు మంచి ముక్క మీ అన్నయ్యకి, చౌడు ముక్క మీకు రాశారనుకోండి రిపోర్టు మీద అభ్యంతరం వెయ్యొచ్చు. ఫైనల్ డిక్రీ వచ్చాక స్టాంపు పేపర్లు ఆలస్యంగా కట్టినా 12 ఏళ్లు డిక్రీ తేదీ నుంచే నడుస్తాయి, జాగ్రత్త. తర్వాత ఈపీ, అమీనా (కోర్టు ఉద్యోగి) వచ్చి స్వాధీనం ఇప్పిస్తాడు, ఎవరైనా అడ్డుపడితే ఇంకో దావా అక్కర్లేదు, ఆ గొడవ కూడా ఈపీ కోర్టే తేలుస్తుంది. ఈపీలు ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది, వాయిదాలు పడుతుంటే ఆ తీర్పు చూపించండి.

ఎకరం బేరం సంగతంటారా, కేసు నడుస్తుండగా కొన్నవాళ్లకి కూడా డిక్రీ వర్తిస్తుంది, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52. అయినా అమ్మకుండా ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) తెచ్చి కాపీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వండి, అప్పుడప్పుడు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీసి చూస్కోండి. పెళ్లి ఖర్చుకీ వాటాకీ సంబంధం లేదు. పిత్రార్జితం అయితే కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చిన 2005 హిందూ వారసత్వ చట్ట సవరణ నాటికి నాన్నగారు బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టులో తేలిపోయింది.

ప్రశ్న: పెళ్లి తిరుపతిలో హిందూ పద్ధతిలో జరిగింది. నేను ఇక్కడే ఉంటున్నాను. మా వారు అమెరికా కోర్టులో విడాకులు తీసుకుని ఈమెయిల్లో పంపారు, నేను ఏ వాయిదాకీ వెళ్లలేదు. ఇది చెల్లుతుందా?

జవాబు: మీరు ఒప్పుకోకుండా, అక్కడ హాజరై వాదించకుండా, హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవు. ఇలాగే తిరుపతిలో పెళ్లయి మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కాబట్టి కన్సెంట్ అంటూ ఏ కాగితం పంపినా సంతకం పెట్టొద్దు. ఫ్యామిలీ కోర్టులో మీ వివాహం ఇంకా ఉందని డిక్లరేషన్ (కోర్టు ప్రకటన) అడగొచ్చు, మెయింటెనెన్స్ (భరణం) కూడా వెయ్యండి, అది పిటిషన్ వేసిన తేదీ నుంచే వస్తుంది. ఆర్డర్ వచ్చాక బకాయి పడితే ఏడాది లోపే వసూలు పిటిషన్ వెయ్యాలి, ఆయనకి ఇక్కడ ఫ్లాటో స్థలమో ఉంటే ఆ వివరాలు ఇప్పుడే సేకరించి పెట్టుకోండి, జప్తు అడగడానికి పనికొస్తాయి.