వానాకాలంలో ఐస్ స్కేటింగ్ బూట్లకు బూజు పడితే

ప్రశ్న: మా అమ్మాయి చిన్నప్పట్నుంచీ రోలర్ స్కేటింగ్ చేస్తోంది. ఈ మధ్యే ఐస్ మీద ఫిగర్ స్కేటింగ్ మొదలుపెట్టి, వేసవి సెలవుల్లో డెహ్రాడూన్‌లోని హిమాద్రి రింక్‌కి వెళ్లి ప్రాక్టీస్ చేసి వచ్చింది. వచ్చాక బూట్లు బ్యాగుతో సహా బీరువాలో పెట్టేశాం, కలరా ఉండలు కూడా వేశాం. మొన్న తీసి చూస్తే లోపలంతా తెల్లటి బూజు, ముక్కిపోయిన వాసన, బ్లేడు మీద తుప్పు మచ్చలు. మా అత్తగారు ఎండలో పెట్టి కొబ్బరినూనె రాయమంటున్నారు. చాలా ఖరీదు పెట్టి కొన్నవి, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: కంగారు పడకండమ్మా, బూజు పైపైనే ఉంటే బూట్లు దక్కుతాయి. కానీ ఎండలో మాత్రం పెట్టొద్దు, కొబ్బరినూనె అసలే వద్దు. పెద్దావిడ చెప్పింది మామూలు తోలు చెప్పులకి ఎలా ఉన్నా, స్కేటింగ్ బూటు సంగతి వేరు. చీలమండ అటూ ఇటూ ఒరగకుండా పొరల మీద పొరలు జిగురుతో అతికించి దాన్ని గట్టిగా చేస్తారు. ఎండకి తోలు బిగుసుకుని పగులుతుంది, జిగురు వదులుతుంది. నూనె రాస్తే ఆ గట్టిదనం పోయి మెత్తబడుతుంది, పైగా బూజుకి తిండి పెట్టినట్టే. కలరా ఉండలు పురుగులకి పనికొస్తాయి గానీ తేమని పీల్చవు, అందుకే అవి వేసినా బూజు వచ్చింది.

ముందు శుభ్రం చేయడం. డాబా మీదకో పెరట్లోకో తీసుకెళ్లి, ముక్కుకి మాస్కు కట్టుకుని చేయండి, ఇంట్లో దులిపితే ఆ పొడి వెళ్లి మిగతా చెప్పుల మీదా బట్టల మీదా పడుతుంది. లేసులు పూర్తిగా తీసేసి సబ్బునీళ్లలో ఉతకండి. లోపలి ఇన్‌సోల్ బయటికి లాగండి, దానికి బూజు పట్టి ఉంటే మొహమాటం లేకుండా పారేసి కొత్తది వేయండి, బూటుతో పోలిస్తే దాని ఖరీదు తక్కువే. పొడి బ్రష్‌తో దులిపాక, మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, గుడ్డని అందులో ముంచి గట్టిగా పిండి, లోపలా బయటా తుడవండి. బూటులో పోయకండి. రంగు పోతుందేమో ముందు కనబడని చోట కొంచెం తుడిచి చూసుకోండి, దీపం, పొయ్యి దగ్గర ఈ పని పెట్టుకోకండి. తర్వాత బూటు నాలుకని, అంటే లేసుల కింద ఉండే పట్టీని, బాగా ముందుకి లాగి, నీడపట్టున ఫ్యాన్ గాలికి వదిలేయండి. వేళ్లు దూర్చి చూస్తే ముందు భాగంలో ఏమాత్రం చల్లగా తగిలినా ఇంకా ఆరలేదన్నమాట, మర్నాటి దాకా ఉంచండి.

బూజు ఐస్ వల్ల వచ్చిందనుకోకండి. పాదాల చెమట బూటు లోపల ఉంది, దాన్ని జిప్పు వేసిన బ్యాగులో పెట్టి ఒక రోజుకి పైగా రైల్లో తెచ్చారు, అదే బ్యాగుని తిన్నగా బీరువాలోకి తోశారు. గాలిలో తేమ 70 శాతం దాటి అలాగే నిలబడితే బూజు హాయిగా పెరుగుతుంది, మన కోస్తాలో వానలు పట్టాయంటే 80 దాటడం మామూలే. కాబట్టి రింక్‌లో ఎంత జాగ్రత్తగా ఉన్నా మన ఇంట్లో గాలి ఆడకపోతే ఆ బూట్లు మిగలవు. ఈ ఒక్కటీ మాత్రం అమ్మాయికి గట్టిగా చెప్పండి.

బ్లేడు సంగతి చాలామంది పిల్లలకి తెలియదు. ఐస్ దిగగానే ఒకసారి తుడిచి, అయిపోయిందనుకుంటారు. ఆ ఉక్కు ఇంకా చల్లగానే ఉంటుంది, బయటి వెచ్చటి గాలి తగలగానే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు దానికి మళ్లీ నీరు పడుతుంది. అందుకే కాసేపాగి రెండోసారి తుడవాలి, బూటుకి బ్లేడు బిగించిన చోట సందుల్లో కూడా. నడవడానికి వేసుకునే ప్లాస్టిక్ గార్డులు తొడిగి బ్యాగులో పెట్టకూడదు, నీళ్లు అందులోనే నిలిచి రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది. బ్యాగులోకి మెత్తటి బట్ట తొడుగు వేయాలి, అది తడిస్తే అదీ ఆరాలి. మీ బ్లేడు మీదవి పైపై మచ్చలే అయితే పదును పట్టేటప్పుడు అంచువి పోతాయి. స్క్రూల చుట్టూ తుప్పు మరక కనిపిస్తే మాత్రం అడుగుకి నీరు దిగుతోందని అర్థం. తోలు అడుగైతే దానికి నీరు పట్టకుండా పూత వేయించాలి. ఇంట్లో స్క్రూలు విప్పకండి, బ్లేడు ఏమాత్రం పక్కకి జరిగినా పిల్ల బ్యాలెన్స్ పోతుంది.

మళ్లీ రింక్‌కి వెళ్లేదాకా దాచేటప్పుడు బ్లేడుకి కుట్టుమిషన్ నూనె పల్చగా రాసి, వెళ్లేముందు తుడిచేయండి. లోపల పాత పేపర్లు ఉండలు చుట్టి పెట్టి, మెత్తబడగానే మార్చండి. అక్టోబరు తుఫాన్లలో కరెంటు పోయి ఫ్యాన్ తిరగనప్పుడు ఆ పేపర్లే దిక్కు. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో మన జిల్లాలవాళ్లకి చెప్పక్కర్లేదు. సిలికా జెల్ సంచులు కూడా మంచివే, నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే ఇక పీల్చవు, మార్చాలి. బీరువా వద్దు, బ్యాగూ వద్దు. గోడకి ఆనకుండా, గాలాడే షెల్ఫ్ మీద పెట్టి వారానికోసారి లోపలికి చెయ్యి పెట్టి చూడండి.

ప్రశ్న: నావి ఇన్‌లైన్ స్కేట్స్, చక్రాలు ఒకే వరసలో ఉండేవి. నాగావళి వంతెన దగ్గర వానలో పూర్తిగా తడిసిపోయాయి. హెయిర్ డ్రైయర్ పెట్టొచ్చా?
– ఇంటర్ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: వద్దు బాబూ, వేడిగాలికి జిగురు పోతుంది. లోపలి మెత్తటి లైనర్ ఊడేదైతే బయటికి తీసి విడిగా ఫ్యాన్ కింద ఆరబెట్టు. నీకు బూటు కంటే ముందు చూసుకోవాల్సింది బేరింగులు. చక్రాలు విప్పి, బేరింగులు పొడిగుడ్డతో తుడిచి, వేలితో తిప్పి లోపలి నీరు పోయాక ఒక్కో చుక్క బేరింగ్ ఆయిల్ వెయ్యి. ఇది ఈ రాత్రే చెయ్యి, రేపటికి వాయిదా వేస్తే తుప్పు పట్టి గరగరమంటాయి.