పాత బండికి ఏ క్లబ్బు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పెదనాన్న వాడిన 1957 నాటి ఇంగ్లండు మోటార్ సైకిల్, బీఎస్‌ఏ కంపెనీ బీ31, నా చేతికొచ్చింది. ఇంజన్ తిరుగుతోంది కానీ మార్చాల్సినవి చాలానే ఉన్నాయి. బీఎస్‌ఏ బళ్లవాళ్లకే ఒక క్లబ్బు ఉంది, పాత బళ్లన్నిటికీ కలిపి ఇంకొకటుంది. రెండోదాంట్లో సభ్యులు పదింతలు. దేంట్లో చేరమంటారు?

జవాబు: బండి ఇంకా విప్పే దశలోనే ఉంది కాబట్టి ముందు బీఎస్‌ఏ క్లబ్బులో చేరండి. సభ్యుల లెక్క పక్కన పెట్టండి. మీ ఇంజన్‌ని పదిసార్లు విప్పి బిగించినవాళ్లు ఇద్దరున్న చిన్న క్లబ్బు, దాని పేరు మాత్రమే తెలిసిన వెయ్యిమంది కంటే మీకు పనికొస్తుంది.

బీ31 అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. మీ 1957 బండికి లూకాస్ మాగ్‌డైనో ఉండాలి. అంటే ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో, దాని నెత్తిన లైట్లకి కరెంటు ఇచ్చే డైనమో. 1958కి వచ్చేసరికి అది పోయి కరెంటుకి ఆల్టర్నేటర్, నిప్పురవ్వకి కాయిల్ వచ్చాయి. ఆల్టర్నేటర్ కూర్చునేది ప్రైమరీ చైన్ వైపు కాబట్టి అక్కడి మూత కూడా మారింది. 'బీ31 మూత' అని అడిగితే ఏ ఏడాదిదని ఎదురు ప్రశ్న వేయకుండా ఇచ్చేసేవాడి దగ్గర ఏదీ కొనకండి. ఒకే కంపెనీ బళ్ల క్లబ్బులో ఆ ప్రశ్న మీకంటే ముందు వాళ్లే వేస్తారు.

విడిభాగాల సంగతి క్లబ్బుకి ప్రాణం. ఇంగ్లండులోనే విన్సెంట్ అనే కంపెనీ 1955లో మోటార్ సైకిళ్ల తయారీ ఆపేసింది. ఆ బళ్ల యజమానుల క్లబ్బు 1948లోనే పుట్టింది. ఆ క్లబ్బు తరఫున మొదలైన విడిభాగాల కంపెనీ కొత్త భాగాలు చేయిస్తుండబట్టే విన్సెంట్లు నేటికీ రోడ్డు మీద తిరుగుతున్నాయి. అన్ని క్లబ్బులకూ అంత స్తోమత ఉండదు, నిజమే. అయినా చేరేముందు విడిభాగాలు చూసే మనిషితో ఒకసారి మాట్లాడండి. 'ఏమేం దొరుకుతాయి' అని కాదు, 'ఈ ఏడాదిలో కొత్తగా ఏం చేయించారు' అని అడగండి. 'అన్నీ దొరుకుతాయండీ' అంటే అనుమానించాల్సిందే. 'గాస్కెట్ సెట్లు, కేబుళ్లు ఉన్నాయి. గేర్‌బాక్స్ లోపలి ఇరుసు, లేషాఫ్ట్, లేదు, ముగ్గురు పేర్లు ఇచ్చి ఎదురుచూస్తున్నారు, పదిమంది అయ్యాక చేయిస్తాం' అనే మనిషి దొరికితే ఆ క్లబ్బుని వదలకండి. వేసిన భాగం కొలత తప్పితే వెనక్కి తీసుకుంటారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

ఇక క్లబ్బు సాంకేతిక సలహాదారుడికి చిన్న పరీక్ష. క్రాంక్‌కేసంటే ఇంజన్ అడుగు పెట్టె, స్టడ్డంటే రెండు కొసల్లోనూ మర ఉండే తల లేని బోల్టు. 'క్రాంక్‌కేసులో 5/16 అంగుళం స్టడ్డు మర పోయింది, ఏం వేయమంటారు?' అని అడగండి. తెలిసిన మనిషి వెంటనే జవాబు చెప్పడు. ఏ రంధ్రం, స్టడ్డు ఏ కొస అని అడుగుతాడు. ఎందుకంటే ఆ కాలపు ఇంగ్లండు బళ్లలో అల్యూమినియంలోకి దిగే కొసకి సాధారణంగా ముతక మర (విట్‌వర్త్, వాడుకలో వర్త్), అంగుళానికి 18 చుట్లు. నట్టు ఎక్కే కొసకి సైకిల్ మర, అంగుళానికి 26 చుట్లు. ఒకే స్టడ్డుకి రెండు కొసల్లో రెండు మరలన్నమాట. 'ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు కొట్టెయ్యండి, సరిపోతుంది' అన్నాడా, దండం పెట్టి వచ్చేయండి. 5/16 అంటే 7.94 మిల్లీమీటర్లు. లావు చూస్తే ఒకటే అనిపిస్తుంది. కానీ ఎనిమిది మిల్లీమీటర్ల మామూలు బోల్టు మరకీ మరకీ ఎడం 1.25 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి ఇరవై చుట్ల పైచిలుకు. వేళ్లతో రెండు చుట్లు హాయిగా దిగి అక్కడ పట్టేస్తుంది. ఆ తర్వాత పానా వేసి లాగితే దిగేది బోల్టు కాదు, రాలేది అల్యూమినియం పొడి.

పానాల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాం. 1/4 వర్త్, 5/16 బీఎస్‌ఎఫ్ (ఇంగ్లండు సన్న మర) అని రాసున్న పానా నోరు 0.525 అంగుళం, అంటే 13.3 మిల్లీమీటర్లు. దాని బదులు 13 పానా ఎక్కదు. 14 ఎక్కుతుంది, ఎక్కి నట్టు మూలలన్నీ గుండ్రం చేసి దిగుతుంది. ఇలాంటి పానాలు, క్లచ్ పుల్లర్, మాగ్నెటో పినియన్ పుల్లర్ (బిగిసిన భాగాల్ని ఊడలాగేవి) లాంటివి సభ్యులకు అరువిచ్చే క్లబ్బు అయితే ఏడాది చందా ఒక్క పనితోనే గిట్టుబాటవుతుంది.

బండి పూర్తయి రోడ్డెక్కాక రెండో క్లబ్బులో కూడా చేరండి. అప్పుడు మీకు కావలసింది తోడు.

ప్రశ్న: నా బీఎస్‌ఏ ఇంజన్ నంబరు, ఫ్రేమ్ నంబరు వేరువేరుగా ఉన్నాయి. 'ఇది రెండు బళ్లు కలిపి కట్టింది, బండి ఏ నాటిదో చెప్పే ధ్రువపత్రం క్లబ్బు ఇవ్వదు' అని ఒకరన్నారు. నిజమేనా?

జవాబు: ఆయన ట్రయంఫ్ లెక్క తెచ్చి బీఎస్‌ఏకి వేసినట్టున్నారు. యాభైల నాటి ట్రయంఫ్ ట్విన్‌లలో (రెండు సిలిండర్ల బళ్లలో) రెండు నంబర్లూ ఒకటే ఉండాలి. అదే కాలపు బీఎస్‌ఏలో ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే రెండూ వేరు. ఏ ఇంజన్ ఏ ఫ్రేములో కూర్చుని గేటు దాటిందో చెప్పేది ఫ్యాక్టరీ డిస్పాచ్ పుస్తకం ఒక్కటే. అలాంటి పుస్తకాలో, వాటి నకళ్లో చేతిలో ఉన్న క్లబ్బు, లేదా అవి ఉన్న గ్రంథాలయంతో సంబంధమున్న క్లబ్బు మీకు కావాలి. చేరేముందు ఆ ఒక్క సంగతి కనుక్కోండి.

నంబరు పంపే పద్ధతిలోనే చాలామంది బండికి హాని చేసుకుంటారు. ఎమరీ కాగితం పెట్టి రుద్దొద్దు. అక్షరాల అంచులు అరిగిపోతే అసలు నంబరు కూడా దిద్దినదానిలా కనిపిస్తుంది. కిరసనాయిలుతో తడిపి పావుగంట ఆగి, పళ్లుతోముకునే పాత బ్రష్షుతో తోమండి. రంగు పూత అడ్డుంటే పెయింట్ రిమూవర్ రాసి గుడ్డతో తుడవండి, గోకొద్దు. టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి, లోహానికి దాదాపు ఆనించి పట్టుకుంటే గుంటల్లో నీడ పడి అంకెలు లేచి కనిపిస్తాయి. అలా ఒక ఫొటో తీయండి. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్ది ఒక అచ్చు కూడా తీయండి. నంబరుకు ముందూ వెనకా ఉన్న అక్షరాలన్నీ రావాలి. మోడల్ చెప్పేది చాలావరకు అవే.

క్లబ్బువాళ్లు ఆ ఫొటోలో వెతికేది అంకెల కంటే వాటి చుట్టూ ఉన్న లోహాన్ని. ఆకురాయి గీతలు, చుట్టూ ఉన్నదానికంటే కాస్త పల్లంగా ఉన్న చోటు, ఒక అంకె మాత్రం లోతుగా పడటం, వరుస మరీ తిన్నగా ఉండటం. అవును, మరీ తిన్నగా ఉన్నా అనుమానమే. ఫ్యాక్టరీలో చేత్తో కొట్టిన అంకెలు కాస్త ఎగుడుదిగుడుగానే ఉంటాయి. 1969 నుంచి ట్రయంఫ్ వాళ్లు నంబరు కింద లోహమంతా తమ గుర్తు చిన్నచిన్నగా అచ్చు కొట్టింది, ఎవరైనా ఆకురాయి పెట్టి అరగదీస్తే తెలిసిపోవాలనే.

ధ్రువపత్రం మీద వచ్చే తేదీ బండి ఫ్యాక్టరీ దాటిన తేదీ. 1957 మోడల్ అనుకున్న బండికి 1956 అక్టోబరు అని వస్తే కంగారు పడకండి. మరుసటి ఏడాది మోడళ్లు ముందు ఏడాది చివర్లోనే బయటికి వచ్చేవి.

ప్రశ్న: నాది జావా 250. ఒక క్లబ్బువాళ్లు తమతో ఒక ఆదివారం రైడ్‌కి రమ్మన్నారు. ఆ ఒక్కరోజులో క్లబ్బు ఎలాంటిదో ఎలా పట్టుకోవాలి? గుంపులో నేనొక్కదాన్నే ఆడదాన్ని, బండి నిదానం.

జవాబు: బయల్దేరే చోటికి పావుగంట ముందే వెళ్లండి. బళ్లు చక్రాల మీద వస్తున్నాయా, ట్రాలీ మీద దిగుతున్నాయా చూడండి. నేల మీద నూనె చుక్కలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, తిరిగే బళ్లని అర్థం. ఒక్క బండికీ సైలెన్సర్ వేడికి నీలం తిరగలేదంటే అది ఫొటోల క్లబ్బు. అదీ తప్పు కాదు, మీకు కావలసింది మాత్రం వేరు.

తర్వాత బయల్దేరేముందు మాటలు వినండి. వేగం ఎవరిని బట్టి? అందరిలోకీ నిదానమైన బండిని బట్టి అనాలి. మలుపుల దగ్గర ఏం చేస్తారు? నాయకుడి వెనకున్న బండి మలుపులో ఆగి దారి చూపించి, చివరి బండి వచ్చాక కదలడం మంచి పద్ధతి. వెనకవాళ్లు కనబడాలని ఎవరూ అద్దంలో చూస్తూ నడపక్కర్లేదు, ఎవరూ తప్పిపోరు. చివరి బండి ఎవరిదో పేరు పెట్టి చెప్పాలి, అతని దగ్గర పనిముట్లుండాలి. ఈ రెండూ చెప్పకుండా 'పదండి పోదాం' అన్నారంటే తొలి చౌరస్తాలోనే మీరు ఒంటరి. ఆరు వోల్టుల లైట్లున్న బళ్లు చీకటి పడకముందే ఇల్లు చేరేలా వేళ పెట్టారా అన్నది కూడా అడగండి. డ్రమ్ బ్రేకుల గురించి ఒక్క మాటైనా వినపడాలి. ముందు బండికి డిస్క్ ఉండి మీకు డ్రమ్ ఉంటే మామూలు ఎడం చాలదు.

పెట్రోలు దగ్గర మీకు అసలు సంగతి తెలుస్తుంది. టూ స్ట్రోక్ బండికి నూనె కలపాలని గుర్తుంచుకుని కాసేపు ఆగుతారా, విసుక్కుంటారా? మీ పాత జావాకి 25 పాళ్ల పెట్రోలుకి 1 పాలు నూనె అయితే లీటరుకి 40 మిల్లీలీటర్లు. అయిదు లీటర్లకి 200. కొలత డబ్బా వెంట పెట్టుకోండి, అంచనా వద్దు. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు తడిసి దారిలో ఆపుతుంది. ప్లగ్గులు రెండు, వాటి పానా, ఇగ్నిషన్ పాయింట్లు, కండెన్సర్, క్లచ్ కేబుల్, చైన్ లింకు, కాస్త తీగ మీ సంచిలో ఉంటే చాలు.

ఏదో ఒక బండి ఆగకపోదు. అప్పుడు జాగ్రత్తగా గమనించండి. చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకి లేచి, పది కిలోమీటర్లు పోయి ఆపాక మళ్లీ లేవని మాగ్నెటో బండి ఒకటి ఉంటుంది. పదిమంది చేరి పది సలహాలిచ్చి కార్బొరేటర్ విప్పించేస్తే ఆ క్లబ్బులో తెలిసినవాళ్లు తక్కువ. ఒకరు వచ్చి ప్లగ్గు తీసి, బాడీకి ఆనించి నిప్పురవ్వ చూసి, పాయింట్ల ఎడం చూసి (లూకాస్ మాగ్నెటోకి 0.012 అంగుళం, అంటే 0.30 మిల్లీమీటర్), 'ఆర్మేచర్‌లో కండెన్సర్ వేడికి లీకవుతోంది, చల్లారనివ్వండి, ఇంటికెళ్లాక వైండింగ్ చేయించండి' అంటే మీరు సరైన చోటికే వచ్చారు. ఆ మనిషి మీ బండి దగ్గరికొచ్చినప్పుడు పానా మీ చేతికిచ్చి చెబుతాడా, మిమ్మల్ని పక్కకి జరగమంటాడా అన్నది కూడా చూడండి. జరగమంటే వేరే క్లబ్బు వెతుక్కోండమ్మా.

ప్రశ్న: బండికి 12 వోల్టులు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాను. క్లబ్బులో ఒప్పుకుంటారా?

జవాబు: క్లబ్బుని బట్టి. కొన్నిటికి వయసొక్కటే లెక్క. ఇంగ్లండులో 1946లో మొదలైన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్బుకి 25 ఏళ్లు దాటిన బండైతే చాలు. అమెరికా యాంటిక్ మోటార్ సైకిల్ క్లబ్బుకి 35 ఏళ్లు. వాళ్ల జడ్జింగ్‌లో బండి 100 మార్కులతో మొదలై, ఫ్యాక్టరీ నుంచి వచ్చినదానికి భిన్నంగా ఉన్న ప్రతిదానికీ తగ్గుతూ పోతుంది. ఫీవా అనే అంతర్జాతీయ సమాఖ్య 30 ఏళ్లతో పాటు, బండి చరిత్రకు తగిన స్థితిలో ఉండాలి, రోజువారీ ప్రయాణానికి వాడేది కాకూడదు అంటుంది. మీరు రోజూ నడిపేవారైతే ఆ చివరి మాట మీకు అడ్డం.

మా లెక్కలో వెనక్కి తిప్పగలిగిన మార్పు తప్పు కాదు. ఫ్రేముకి కొత్త రంధ్రం పెట్టారా, వెల్డింగ్ చేశారా అన్నది అసలు గీత. తీసిన డైనమో, రెగ్యులేటర్, పాయింట్ల ప్లేటు నూనె రాసి, చీటీ కట్టి ఒక పెట్టెలో దాచండి. బండి చేతులు మారినప్పుడు ఆ పెట్టె కూడా బండితో వెళ్లాలి.

ప్రశ్న: చందా కట్టేముందు లెక్కలు అడిగితే బాగుంటుందా?

జవాబు: అడగండి. పోయిన ఏడాది జమాఖర్చు, సభ్యుల సమావేశం తీర్మానాలు చూపించలేని క్లబ్బు ఒక మనిషి సొంత వ్యవహారం. విడిభాగాల డబ్బూ చందా డబ్బూ వేరువేరు ఖాతాల్లో ఉండాలి. లేకపోతే ఒక ఏడాది పెద్ద సభ జరిపి, పిస్టన్‌లు చేయించాల్సిన సొమ్ము షామియానాలకి పోతుంది. రైడ్‌లో ఎవరికైనా దెబ్బ తగిలితే క్లబ్బు బీమా ఎంతవరకు వర్తిస్తుందో కాగితం మీద చూడండి.

ప్రశ్న: నాకింకా బండే లేదు. చేరనిస్తారా?

జవాబు: చాలా క్లబ్బులు చేరనిస్తాయి. చేరడానికి ఇంతకంటే మంచి సమయం కూడా ఉండదు. సభ్యుల మధ్య చేతులు మారే బళ్లకు గతం తెలిసిన సాక్షులుంటారు. ఎవరైనా అమ్ముతుంటే చూడ్డానికి క్లబ్బులో ఒకరిని వెంట రమ్మనండి. మీరు వచ్చేదాకా ఇంజన్ వేడి చేయొద్దని అమ్మేవారికి ముందే చెప్పండి. చల్లటి ఇంజన్ స్టార్టయ్యే తీరు, మొదటి నిమిషం పొగ, ఇంజన్ నుంచి నూనె ట్యాంకులోకి నూనె తిరిగొస్తోందా లేదా, ఈ మూడూ చూశాకే ధర మాట.