చైత్రంలో వాగు: ఒక యువ రచయిత్రికి లేఖ

కావలి

అమ్మాయీ, ఆశీస్సులు.

చైత్రంలో పెంచలకోన వాగులో ఫ్లై ఫిషింగ్ గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. ఫ్లై, అంటే చేపను మోసగించే ఈకల పురుగు, కట్టే పేజీ బాగా కుదిరింది. కోడిపుంజు మెడ ఈకను గాలం కాడకు చుడుతుంటే పోగులు ఒక్కొక్కటే నిక్కబొడుచుకోవడం, దారం ముడి బిగిసేదాకా నువ్వు ఊపిరి బిగబట్టడం, ఇవి చేత్తో చేసినవాళ్ళకే తెలిసే సంగతులు. ఆ పేజీని ముట్టుకోకు. మామూలు గాలంలో సీసపు గుండు దారాన్ని లాక్కుపోతుందనీ, ఫ్లై ఫిషింగ్‌లో లావుపాటి దారమే తన బరువుతో ఆ ఈకల పురుగును మోసుకుపోతుందనీ తేటగా చెప్పావు. పెన్నా ఒడ్డున బెండు కట్టి, ఎర్రను గుచ్చి కూర్చునే ముసలాయనకు చదివి వినిపించినా అర్థమవుతుంది.

ఇక తగాదా. వసంతం రాగానే పెంచలకోన వాగు నిండుగా గలగలలాడిందని రాశావు. అది మన వాగు కాదు, అమెరికాలో అపలేచియన్ కొండల వాగు. అక్కడ మంచు కరుగుతుంది, చల్లని నీళ్ళు పారతాయి, నీటి అడుగున పెరిగిన మేఫ్లైలు రెక్కలొచ్చి పైకి లేస్తాయి, వాటికోసం బ్రూక్ ట్రౌట్ అనే చేప నోరు తెరుస్తుంది. నువ్వు చూసిన వీడియోల్లోని రుతువు అది. వెలిగొండల కింద మనకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఉగాది నాటికి వాగు సన్నబడుతుంది, చాలాచోట్ల ధార తెగి మడుగులే మిగులుతాయి. చేపలన్నీ వాటిలో ఇరుక్కుని ఉంటాయి. గట్టు మీద కొంగలు, కొమ్మ మీద లకుముకి పిట్ట కాచుకుని ఉంటాయి. నీళ్ళు కదలవు కనుక నీ నీడ పడితే చాలు, చేపలు రాళ్ళ కిందికి దూరతాయి. ఎండకు ఎదురుగా, మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఇంత మంచి సరుకు కళ్ళ ముందుండగా అరువు తెచ్చుకోవడం దేనికి?

రంగుల సంగతీ అంతే. నీ పరిగె చేపకు ఇంద్రధనుస్సు రంగులన్నీ అద్దావు. దాని ఒంటి పక్కన కనిపించే ఎర్రచార మగదానికి గుడ్ల కాలంలో వస్తుంది, అది కొత్తనీరు దిగే కాలం. చైత్రంలో నీ చేతికి చిక్కిన పరిగెది వెండి ఒళ్ళు. తోక మొదట్లో ఒక నల్లమచ్చ, వీపు రెక్క మొదట్లో ఇంకొకటి, అంతే. ఆ రెండు మచ్చలు రాస్తే మా వీధిలో చేపలమ్మే ఆవిడ కూడా అది పరిగేనని ఒప్పుకుంటుంది. ఇంద్రధనుస్సును కొట్టేయి. రంగు కావలసిందే అనుకుంటే తూర్పు కనుమల వాగుల్లో శాస్త్రజ్ఞులు డెవారియో అని పిలిచే చిన్నచేప ఉంది, ఒంటి పక్కన నీలం, పసుపు చారలతో. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది, అంటే నీటి మీద పడిన పురుగును అందుకునే చేప. రాతికి నోరు ఆనించి పాచి గీక్కుతినే చేప నీ ఫ్లై కోసం తలెత్తదు. నీ వ్యాసంలో మాత్రం అన్నీ ఒకే ఉత్సాహంతో గాలానికి ఎగబడ్డాయి. నాకు అనుమానం తగిలింది అక్కడే.

మేఫ్లై బదులు ఏం రాయాలని అడుగుతావేమో. ఉసిళ్ళు! తొలకరి జల్లు పడిన సాయంత్రం అవి పుట్టల్లోంచి గుంపులుగా లేస్తాయి, కాసేపు ఎగిరి రెక్కలు రాల్చుకుంటాయి. మడుగులో పడ్డవాటిని చేపలు వదలవు. (గట్టు మీద పడ్డవాటిని ఏరి వేయించుకు తిన్న తరం మాది, కాబట్టి చేపల రుచిని నేను తప్పుపట్టను.) ఉసిళ్ళ ఫ్లైకి కావలసింది గోధుమరంగు దారం, నాలుగు పొడుగాటి రెక్కలు, చిన్న గాలం. గాలానికి నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుందని చదివేవాళ్ళకు ఒక్క మాట చెప్పు, చాలామందికి తెలియదు. ఆ ఫ్లై కట్టి, చైత్రం నుంచి తొలకరి దాకా ఆ మడుగు ఎలా కుంచించుకుపోయిందో రాస్తే వ్యాసం దానంతట అదే నడుస్తుంది.

ఇంకొకటి, చోటు మార్చు. పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం, అక్కడ గాలం వేయకూడదు. మీ ఊరి చెరువు అలుగు కింది వాగు చాలు, మత్స్యకారుల సంఘం వాళ్ళను అడిగి వెళ్ళు. అడిగినప్పుడు వాళ్ళు ఏమన్నారో కూడా రాయి, బహుశా నవ్వుతారు.

పట్టిన చేపను వదిలేశానని ఒక్క వాక్యంలో తేల్చేశావు. చెయ్యి తడుపుకున్నావా? పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. ఆ తడి చెయ్యి వ్యాసంలో కనిపించాలి. చివరి పేజీలోని మామిడికాయ చేపల పులుసు తీసెయ్యి. చేప వాగులోకి వెళ్ళిపోయాక పులుసు ఎక్కడిది?

తిరగరాసి పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి. వెనకవైపు సిరా ఇటు ఊరి, నా కళ్ళజోడుకు రెండు వ్యాసాలు ఒకేసారి కనబడుతున్నాయి.